ప్రశ్నలు - జవాబులు: ఏడాది చదువు లెక్క

ప్రశ్న: ఈ ఏడాది యాభై పుస్తకాలు చదవాలని జనవరిలో గోడ క్యాలెండరు మీద రాసుకున్నాను. డిసెంబరు వచ్చేసరికి పదకొండే తేలాయి. అందులో మూడు, 'యజ్ఞం'తో సహా, ఇదివరకు చదివినవే. మా అత్తయ్యగారు "ఏటమ్మా, మళ్ళీ అదే పుస్తకవా?" అంటారు. వాటిని లెక్కలో వేసుకోవచ్చా? ఏడాది వృథా చేశాననిపిస్తోంది.
- ఒక ఉపాధ్యాయురాలు, రాజాం

జవాబు: ముందు ఆ మూడే వేసుకోండమ్మా, మిగతావి తర్వాత చూసుకోవచ్చు. గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కాన్ని 1897లో అచ్చువేయించారు. అక్కడితో ఊరుకోలేదు. పన్నెండేళ్ళ తర్వాత, 1909లో, దాదాపు కొత్త నాటకమే అనిపించేలా తిరగరాసి మళ్ళీ తెచ్చారు. మనం ఇవాళ చదువుతున్నది ఆ రెండో కూర్పే, అందులోని మధురవాణి పాత్రని ఇంతగా మెచ్చుకుంటున్నదీ దాన్ని చూసే. రాసినాయనే తన పుస్తకం దగ్గరికి తిరిగి వెళ్ళారు. చదివేవాళ్ళం మనం వెళితే తప్పేముంది?

మీ మూడింటిలో కాళీపట్నం రామారావుగారి 'యజ్ఞం' ఉందని రాశారు. ఆ కథ మొదటిసారి చదివినవాళ్ళకు ముగింపు తప్ప ఇంకేమీ గుర్తుండదు. అంత దెబ్బ కొడుతుంది. రెండోసారి, ఏం జరగబోతోందో తెలిసే చదువుతాం కాబట్టి, పంచాయితీలో మాటలు వినిపిస్తాయి. ఊరి పెద్ద శ్రీరాములునాయుడు మాట్లాడే ప్రతి మాటా ధర్మంగానే ఉంటుంది. ఒక్కటీ కాదనలేం. అయినా ఆ ధర్మమే అప్పుల్లో ఉన్న పేదవాడు అప్పల్రాముడి ఇంటిని కూల్చేస్తుంది. వాళ్ళ ఊరు సుందరపాలెం బాగుపడుతున్నకొద్దీ ఆ కుటుంబం ఎలా దిగజారుతుందో అప్పుడుగానీ కనిపించదు. మీరు బడిలో హాజరు పిలిచే మనిషి. ఆ కథ చదివాక, రోజూ రాని పిల్లాడి పేరు దగ్గర మీ గొంతు ఒక్క క్షణం ఆగిందంటే, ఈ ఏడాది మీరు చదివినది చదివినట్టే.

ఇంకో సంగతి. మన ఉత్తరాంధ్ర గొప్పతనం చాలావరకు చిన్న కథలో ఉంది. విజయనగరంలో బతికిన చాసో రాసిన 'వాయులీనం' పావుగంటలో అయిపోతుంది. భార్య జబ్బుకి ఆమె ఫిడేలునే అమ్మేసిన ఇంటి కథ. పుస్తకాలు లెక్కపెట్టే పద్ధతిలో దానికి చోటే లేదు. కానీ ఏడాదంతా మనిషిని వదలదు. అలాంటి కథని ఏ అంకె కింద వేస్తారు?

లెక్క రాసుకోవద్దని నేననను. అంకె కోసం పల్చటి పుస్తకాలు వెతుక్కునే దశ వస్తే మాత్రం వెంటనే ఆపేయండి. క్యాలెండరు ఒగ్గేసి ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. పుస్తకం పేరు, ముగించిన తేదీ, ఎక్కడ ఆగి ఆలోచించారు, ఆ సంగతి ఎవరితో చెప్పారు, అంతే చాలు. చివరి గడి ఖాళీగా ఉన్న పుస్తకాలు ఎక్కువైతే వచ్చే ఏడాది అత్తయ్యగారికే ఒక కథ చదివి వినిపించి చూడండి. "మళ్ళీ అదేనా" అన్నావిడే రేపు "మళ్ళీ అదే చదువమ్మా" అనవచ్చు.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఏడాదిలో చదివినవన్నీ వరుసగా రాసుకుంటే ఒక్కదాంట్లోనూ మా ఊరి మాట లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
- పలాస యువకుడు

జవాబు: నవలా రచయిత పతంజలితో మొదలుపెట్టు బాబూ. అలమండ ఆయన సొంతూరు. 'వీరబొబ్బిలి', 'గోపాత్రుడు' రెండిట్లోనూ ఆ ఊరే ఉంటుంది. ఒకదాంట్లో రాజుల ఇంటి కుక్క, ఇంకోదాంట్లో భూమి గుండ్రమా బల్లపరుపా అన్న తగాదా. నవ్విస్తూనే వణికిస్తాడు. తర్వాత శ్రీకాకుళంలో పుట్టిన రావిశాస్త్రిగారి 'ఆరు సారా కథలు' చదువు. కోర్టులో నలిగిపోయే పేదవాళ్ళ మాటని ఆయన విన్నట్టు ఇంకెవరూ వినలేదని నా నమ్మకం. అక్కణ్ణుంచి ఇప్పటివాళ్ళ దగ్గరికి రా: అట్టాడ అప్పల్నాయుడు, గంటేడ గౌరునాయుడు, బమ్మిడి జగదీశ్వరరావు, ఏజెన్సీ ఆదివాసుల బతుకు రాసిన మల్లిప్పురం జగదీశ్. మనసులో కాకుండా పైకి చదువు. గదిలో ఒక్కడివే ఉన్నా సరే.

ప్రశ్న: మా అమ్మ నలభై ఏళ్ళుగా వారపత్రికల్లో కథలూ సీరియళ్ళూ చింపి బైండు చేయించింది. ఇప్పుడు ఆమెకు కళ్ళు ఆనవు. సంక్రాంతికి ఇల్లు సర్దుతున్నాం, అమ్మేయమంటున్నారు. మీరేమంటారు?
- ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: దయచేసి పాత పేపర్లవాళ్ళకి వేయకండి. మీకు దగ్గరలోనే, శ్రీకాకుళంలో, కథానిలయం ఉంది. తెలుగులో వచ్చిన ప్రతి కథా ఒకచోట దొరకాలన్న పట్టుదలతో కారా మాస్టారు, అంటే 'యజ్ఞం' రాసిన కాళీపట్నం రామారావుగారు, 1997 ఫిబ్రవరి 22న దాన్ని ప్రారంభించారు. 2021లో కన్నుమూసేదాకా ఆయన ధ్యాస దాని మీదే. ఎన్నో మంచి కథలు పుస్తకంగా రాకుండా పత్రికల్లోనే ఉండిపోయాయి. అలాంటివి బతికేది మీ అమ్మగారిలాంటివాళ్ళు దాచబట్టే. ముందు కథానిలయం వాళ్ళకి కబురు చెయ్యండి, తమ దగ్గర ఏవి లేవో వాళ్ళే చెబుతారు.

ఈలోగా ఒక పని ఉంది. బైండు చేసేటప్పుడు అట్టలు తీసేస్తారు కాబట్టి ఏ పత్రిక, ఏ సంవత్సరం అన్నది చాలావాటికి తెలియకుండా పోతుంది. రోజుకి ఒక కథ అమ్మగారికి చదివి వినిపించండి. ఆమెకు గుర్తొచ్చిన పత్రిక పేరు, సుమారు సంవత్సరం, అది ఎందుకు దాచుకుందో పెన్సిలుతో ఆ పేజీ మార్జిన్‌లోనే రాయండి. ఒకవేళ ఏదైనా ఇవ్వనంటే బలవంతం చేయకండి, జిరాక్సు తీయించి దాన్ని పంపండి.