పాత ల్యాప్‌టాప్‌కు కృతజ్ఞతతో వీడ్కోలు



చిత్తూరు, తిరుపతి, మదనపల్లె, పుంగనూరు విచారణల్లో ఎన్నో ఇళ్ళలో బీరువాపైన ఓ పాత ల్యాప్‌టాప్ కనిపిస్తుంది. అబ్బాయి ఇంజనీరింగులో చేరినప్పుడు నాన్న అప్పు చేసి కొన్నది. 2020లో కరోనావల్ల బడులు మూతపడినప్పుడు చెల్లెలు దాని ముందు కూర్చునే పాఠాలు విన్నది. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన అమ్మ ముఖం శుక్రవారం సెలవునాడు ఆ తెరమీదే కనిపించేది.

ఇప్పుడది తెరుచుకోవడానికి పావుగంట పడుతుంది. ఛార్జరు తీస్తే ఆగిపోతుంది. అందులోని విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14తో నిలిపివేసింది. "దీన్నేం చేద్దాం?" అనే ప్రశ్న ఇంట్లో వస్తుంది. ప్రశ్న చిన్నదే అయినా, అందులో మన విశ్వాసానికి సంబంధించిన పాఠం ఉంది.

1. దేవుడూ కాదు, చెత్తా కాదు

మన ఇరుగుపొరుగువారు ఆయుధపూజనాడు యంత్రాలకు బొట్టుపెడతారు. మనం యంత్రాన్ని పూజించం. అంతమాత్రాన దాన్ని తృణీకరించమని శ్రీసభ చెప్పలేదు. 1984లో వెలువడిన దీవెనల గ్రంథంలో పనిముట్లకూ, యంత్రసాధనాలకూ దీవెన ప్రార్థనలున్నాయి. 6వ శతాబ్దంలో పునీత బెనెడిక్టుగారు తమ మఠవాసులకు రాసిన నియమావళిలో, మఠంలోని సామానంతటినీ బలిపీఠపు పాత్రలంత గౌరవంగా చూసుకోవాలని బోధించారు. గడ్డపారైనా, గిన్నెయినా దేవుడు అప్పగించినదే అని వారి భావం.

2025 సెప్టెంబరు 7న లియో 14వ పాపుగారు పునీతునిగా ప్రకటించిన కార్లో అకుతిస్ 15 ఏళ్ళకే, 2006లో, మరణించిన బాలుడు. దివ్యసత్ప్రసాద అద్భుతాల వివరాలను సేకరించి కంప్యూటరు ద్వారా లోకానికి అందించాడు. యంత్రం అతణ్ణి పునీతుణ్ణి చేయలేదు. అతని ప్రేమ ఆ యంత్రాన్ని సువార్త సేవకు వాడుకుంది.

"నమ్మకంగా పనిచేసిన ల్యాప్‌టాప్" అని మనమంటాం. నిజానికి నమ్మకంగా ఉన్నది మనుషులు. అప్పు తీర్చిన నాన్న, పరాయి దేశంలో పరాయి వంటింట్లో చెమటోడ్చిన అమ్మ, ఓపికగా పాఠం చెప్పిన పంతులమ్మ. మన కృతజ్ఞత ముందు దేవునికి, తర్వాత వారికి చెందాలి.

2. నిజంగా ఆయువు తీరిందా?

పారవేయడానికి ముందు రిపేరు తెలిసినవారికి చూపించండి. పాత హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్.ఎస్.డి. వేసి, మెమరీ పెంచితే చాలా యంత్రాలు చురుకవుతాయి. విండోస్ 11ను తీసుకోలేని వాటిలో కూడా ఉచితంగా దొరికే లైనక్స్ వేసుకోవచ్చు. అలా బాగైనదాన్ని చదువుకునే బిడ్డకో, విచారణలోని జ్ఞానోపదేశ తరగతికో ఇవ్వవచ్చు. అయితే పనిచేసేదే ఇవ్వాలి. మనకు పనికిరాని బరువును బీదవారి నెత్తిన పెట్టి దానమని పేరుపెట్టకూడదు.

3. ముక్కలు పోగుచేయండి

ఐదు రొట్టెలతో జనసమూహం తృప్తిచెందాక, మిగిలిన ముక్కలు వ్యర్థం కాకుండా పోగుచేయమని క్రీస్తుప్రభువు శిష్యులను ఆజ్ఞాపించారు (యోహాను 6:12). ఆ ల్యాప్‌టాప్‌లోనూ ముక్కలున్నాయి: జ్ఞానస్నానం ఫొటోలు, అక్క పెళ్ళి వీడియో, చనిపోయిన తాతగారు జపమాల చెబుతున్న గొంతు. వాటిని రెండుచోట్ల దాచండి. "తర్వాత చూద్దాం" అనుకోవద్దు. ఎంతోమంది గల్ఫ్ కుటుంబాలు వాడిన స్కైప్ 2025 మేలో మూతపడింది.

మరో జాగ్రత్త. విచారణ పాటలో, కుటుంబ చరిత్రో అను ఫాంట్లలో టైపుచేసి ఉంటే, ఆ ఫాంట్లు లేని కొత్త యంత్రంలో అక్షరాలు అర్థంకాని గుర్తులుగా కనిపిస్తాయి. పాత యంత్రం పనిచేస్తుండగానే వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోండి, ఒక కాగితపు ప్రతి కూడా తీసుకోండి.

అన్నీ దాచుకున్నాక డిస్కును పూర్తిగా తుడిపించండి. ఫైళ్ళను డిలీట్ చేసినంత మాత్రాన అవి పోవు. ఆధార్, బ్యాంకు కాగితాలు పరుల చేతిలో పడవచ్చు.

4. మన గడప దాటాక

పాత సామాన్లు కొనేవారికి వేసేస్తే మన పని తీరిపోతుంది. కాని అక్కడినుండి అది ఎవరి చేతికి వెళుతుంది? రాగికోసం తీగలు కాల్చేవారు, బంగారపు రవ్వకోసం బోర్డులను ఆమ్లంలో ముంచేవారు ఆ పొగనే పీలుస్తారు. అందులో సీసం ఉంటుంది, పాత తెరల్లో పాదరసం కూడా ఉంటుంది. 2022లో ప్రపంచమంతటా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడితే, పద్ధతిగా సేకరించి తిరిగి వాడినట్లు లెక్కతేలింది 22.3 శాతమే.

2025 ఏప్రిల్ 21న పరమపదించిన ఫ్రాన్సిస్ పాపుగారు 2015లో వెలువరించిన "లౌదాతో సీ" విశ్వలేఖలో, వాడి పారేసే సంస్కృతి వస్తువులతోపాటు మనుషులనూ పారవేస్తుందని హెచ్చరించారు. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుండి అమలైన కొత్త నిబంధనల ప్రకారం ఈ వ్యర్థాలను నమోదైన రీసైక్లింగు సంస్థలకే చేర్చాలి, అందుకు తయారీదారులు బాధ్యులు. కంపెనీ సర్వీసు కేంద్రంలో అడగండి. ఉబ్బిన బ్యాటరీని ఛార్జి చేయవద్దు, పొడవవద్దు, చెత్తబుట్టలో వేయవద్దు. అది మండిపోయే ప్రమాదముంది.

ఇంట్లో కలిసి ఆలోచించండి

- ఈ వస్తువు మన ఇంటికి ఎవరి కష్టంతో వచ్చింది? వారికి కృతజ్ఞత చెప్పామా?
- బీరువాలో ఊరికే పడివున్న వస్తువుల్లో ఏది మరొకరికి ఉపయోగపడుతుంది?
- పాతబడినవని వస్తువులను పక్కనపెట్టినట్లే, ఇంట్లోని ముసలివారినీ పక్కనపెడుతున్నామా?

ప్రార్థన

పరలోకమందలి మా తండ్రీ! మా చేతులకు నీవిచ్చిన ప్రతి సాధనం కొరకు వందనాలు. అవి మాకు అందడానికి కష్టపడినవారిని దీవించు. మేము వదిలేసిన వాటివల్ల ఏ బీదవానికీ హాని కలుగకుండా మాకు వివేకాన్నిమ్ము. మా ప్రభువైన క్రీస్తుద్వారా అడుగుచున్నాము. ఆమెన్.