జోగులాంబ - నామవిచారము

తుంగభద్రకు ఎడమ గట్టున నున్న అలంపురము చిన్న పట్టణమే యైనను శ్రీశైలమునకు పశ్చిమద్వారమని ప్రసిద్ధి వహించినది. బాదామి చాళుక్యులనాటి నవబ్రహ్మాలయములు ఇచట నున్నవి. పేరు బ్రహ్మాలయములైనను ఇవి శివాలయములే. అష్టాదశ శక్తిపీఠముల గణనలో ఐదవదియైన జోగులాంబ ఇచటి దేవత. ఈ నామమును గూర్చి యించుక విచారింతము.

"జోగులాంబ" యనునది అపభ్రంశమనియు, "యోగులాంబ" యని దిద్దవలెననియు కొందఱి మతము. ఇది నిలువదు. సంస్కృతమున యోగిన్, అంబా శబ్దములను సమసింపగా నకారలోపమును, యణాదేశమును కలిగి "యోగ్యంబా" యగును. యోగినీ శబ్దమును గ్రహించినచో "యోగిన్యంబా" యగును. "యోగుల" యనునది తెలుగు షష్ఠీబహువచనము. కావున దిద్దిన రూపము సంస్కృతమును కాదు, ఉన్న తెలుగును పోగొట్టుచున్నది.

ఆదియకారము జకారమగుట ప్రాకృతములందు సామాన్యము. తెలుగునను యాత్ర జాతరయు, యముడు జముడును, యంత్రము జంత్రమును అయినవి. అట్లే యోగి జోగి యయ్యెను. "జోగుల అంబ" యనగా జోగులకు తల్లి. అర్థము సుగమము.

ఇచట నొక శంక. తెలుగు పదమైన "జోగుల" మీద అచ్చు పరమగునపుడు అత్వసంధిచే "జోగులంబ" కావలెను గదా! దీర్ఘమెట్లు వచ్చినది? సవర్ణదీర్ఘము సంస్కృతపదములకే విహితము. ఆ క్షేత్రమునకే ద్వారమైన ఈ ఊర, శ్రీశైలమందలి భ్రమరాంబ నామసామ్యముచే ఈ దీర్ఘమేర్పడి యుండునని నా తలంపు. లక్షణమునకు లొంగకున్నను లోకవ్యవహారముచే ఇది సిద్ధరూపము. సంస్కృతస్తోత్రకారుడును దేవిని యోగ్యంబగా మార్చక, తద్భవమునే గ్రహించుట గమనింపదగినది.

అమ్మవారి మూలాలయము 14వ శతాబ్దిలో ధ్వంసమైనదని సంప్రదాయము. పిమ్మట విగ్రహము బాలబ్రహ్మాలయమున పూజలందుకొనెను. పూర్వస్థానమున నూతనాలయము 2005లో వెలసినది. 2016లో ఏర్పడిన జిల్లాకును జోగులాంబ గద్వాల యనియే పేరు. గుడి పడినను, విగ్రహము తావు మారినను, జనుల నాలుకపై నామము చెడలేదు. అట్టిదానిని శుద్ధిపేరిట మనము చెఱుపరాదు. పాఠము చెప్పువారు విద్యార్థులకు "ఇది తప్పు" అని కాక, "ఇది ఇట్లేల అయినది" అని బోధింతురుగాక.