రివాల్వరా, పిస్టలా: అడవి అంచున తిరిగేవాళ్లకు

2022 నవంబరు 22న చండ్రుగొండ అటవీ రేంజి ఆఫీసర్ చలమల శ్రీనివాసరావు బెండాలపాడు దగ్గర ప్లాంటేషన్‌ను కాపాడబోయి కొడవలి వేట్లకు బలయ్యారు. ఆయుధాలు ఇస్తేనే అడవిలోకి వెళ్తామని ఆ తర్వాత అటవీ సిబ్బంది పట్టుబట్టారు. అది సర్కారు తేల్చాల్సిన సంగతి. కానీ తునికాకు కల్లాలకు డబ్బు తీసుకెళ్లే కాంట్రాక్టర్లు, పొద్దుపోయాక వసూళ్ల సంచితో ఇల్లందు, పాల్వంచ దారుల్లో తిరిగొచ్చే వ్యాపారులు సొంతంగా తేల్చుకోవాల్సింది ఒకటుంది. లైసెన్స్ చేతికొచ్చాక కొనాల్సింది రివాల్వరా, పిస్టలా?

నా మాట ముందే చెప్తాను. ఏడాదికి నాలుగైదుసార్లయినా ఫైరింగ్ రేంజికి వెళ్లి కాల్చే వీలు లేనివాళ్లు రివాల్వరే తీసుకోండి.

తూటా బలం గురించి తర్జనభర్జన అక్కర్లేదు. పోలీసుల చేతిలో ఉండే 9 ఎంఎం మామూలు లైసెన్సుకు రాదు. ఏ రకం కొన్నా మనకు ఎక్కువగా దొరికేది పాయింట్ 32. అయితే రెండింటి తూటాలూ ఒకటి కావు. రివాల్వర్ తూటాకు అడుగున వెడల్పాటి అంచు ఉంటుంది, పొడవూ ఎక్కువ. దాన్ని దీనిలో, దీన్ని దానిలో వాడకూడదు. షాపులో డబ్బా మీద 32 అంకె చూసి సరిపెట్టుకోకుండా పూర్తి పేరు చదివి తీసుకోండి.

మా ఎరుకలో ఒక కలప వ్యాపారి ఉన్నాడు. వానలు వెనకబట్టాక ఓ ఆదివారం మంచం మీద పాత పేపరు పరిచి, తోలు బెల్టు గూళ్లలోంచి తూటాలు ఒక్కొక్కటే బయటికి లాగాడు. నాలుగు నెలలుగా అక్కడే ఉన్నాయవి. ఇత్తడి మీద పచ్చగా చిలుం. గోటితో గీరితే పొడి రాలింది. గోదావరి తేమకు తోలు నీళ్లు పీల్చుకుంటుంది, ఆ తోలే తూటాను తినేస్తుంది. అలాంటి తూటా అవసరానికి పేలకపోతే ఏం చేయాలన్నదే ఈ ఎంపికలో అసలు కీలకం. రివాల్వర్‌లో ట్రిగ్గర్ మళ్లీ లాగితే సిలిండర్ తిరిగి పక్క తూటా ఎదురొస్తుంది. పిస్టల్‌లో స్లయిడ్ వెనక్కి లాగి, పాడుదాన్ని బయటికి తోసి, కొత్తది ఎక్కించాలి. దానికి రెండు చేతులూ కావాలి. ఒక చేయి బైకు హ్యాండిల్ మీదో డబ్బు సంచి మీదో ఉన్న మనిషికి ఆ రెండో చేయి ఎక్కడిది? (రేంజిలో తూటా పేలకపోతే మాత్రం తొందరపడొద్దు. బ్యారెల్ ఎదురుగానే ఉంచి అర నిమిషం ఆగాలి, కొన్ని ఆలస్యంగా పేలతాయి.)

ఇంట్లో పిల్లలున్నవాళ్లు ఇంకోటి ఆలోచించాలి. పిస్టల్ మ్యాగజైన్ తీసేసి ఖాళీ అయిందనుకుంటారు. ఛాంబర్‌లో ఒక తూటా అలాగే ఉండిపోతుంది. తుడుస్తుంటే పేలిందన్న వార్తల వెనుక తరచూ ఉండేది ఈ పొరపాటే. రివాల్వర్ సిలిండర్ తెరిస్తే ఆరు బొర్రలూ కంటికి కనపడతాయి, వేలు పెట్టి లెక్కపెట్టుకోవచ్చు.

రివాల్వర్‌కూ లోపాలున్నాయి. ట్రిగ్గర్ బరువు, చేయి వణికితే గురి తప్పుతుంది. చొక్కా కింద ఎత్తుగా కనపడుతుంది. ఆరు అయిపోతే మళ్లీ నింపడం ఆలస్యం. 2014లో కాన్పూరు ఫ్యాక్టరీ తెచ్చిన నిర్భీక్ రివాల్వర్ అర కిలోయే, నడుముకు హాయి. కానీ తేలికైన కొద్దీ కాల్చినప్పుడు చేతిలో ఎగరడం ఎక్కువ. సైన్యంలోనో పోలీసులోనో చేసి వచ్చి, స్లయిడ్ లాగడం చేతికి అలవాటైనవాళ్లు పిస్టల్ తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు. అలవాటు లేనివాళ్లు సినిమా చూసి కొనొద్దు.

ఏది కట్టుకున్నా కొడవలి ముందు అది ఎంత పనికొస్తుందో తెలిసి ఉండాలి. అమెరికాలో డెన్నిస్ ట్యూలర్ అనే పోలీసు శిక్షకుడు 1983లో రాసిందేమిటంటే, కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని ఒకటిన్నర సెకనులో దాటేస్తాడని. పొదల మధ్య కాలిబాటలో 21 అడుగుల దూరం చూపు ఆనేదెక్కడ? పైగా ఆయుధం కోసమే దాడి జరగొచ్చు. నక్సల్ రోజుల్లో అటవీ శాఖ తుపాకుల్ని పోలీస్ స్టేషన్లలో అప్పగించారు, అవి ఉంటే వాటికోసమే దళం వస్తుందన్న భయంతో. ఈరోజు కూడా నడుము దగ్గర ఆయుధం ఉందని ఊరంతా తెలియడం మీకు రక్షణ కాదు. హోటల్ బల్ల మీద పెట్టకండి, ఎవరికీ చూపించకండి.

లైసెన్స్ కాగితంలో అది ఎంత ప్రాంతానికి చెల్లుతుందో చదువుకోండి. భద్రాచలం వాళ్లకు ఇది మరీ ముఖ్యం. 2014లో ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు ఆంధ్రలోకి వెళ్లిపోయాయి. భద్రాచలం నుంచి చర్లకు పోయే మనిషి తెలంగాణలో బయల్దేరి, తెలంగాణలోనే దిగినా, నడుమ ఆంధ్ర నేల మీదుగా పోతాడు. కాగితం తెలంగాణకే పరిమితమైతే ఆ కాసిన్ని కిలోమీటర్లలో తనిఖీకి దొరికినా ఆయుధ చట్టం కింద కేసే. అటు పని ఉన్నవాళ్లు దరఖాస్తులోనే కారణం రాసి, మొత్తం దేశానికి చెల్లేలా అడగండి. 2019 సవరణ తర్వాత లైసెన్స్ అయిదేళ్లకు ఇస్తున్నారు కాబట్టి మొదటే అడిగితే మంచిది. అది చేతికొచ్చేదాకా చర్ల వెళ్లే రోజున ఆయుధం ఇంట్లో తాళం వేసి వెళ్లండి.