మాట తేడాగా ఉంటే ముందు నోరు చూద్దాం

హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తన నాలుక ముడి విప్పమని అల్లాహ్‌ను వేడుకున్న సంగతి మనకు తెలిసిందే. అలాంటి ఇబ్బంది ఉన్న పిల్లలు మన బడుల్లోనూ ఉన్నారు. నా తరగతిలో ఒక బాబు "పాప" అనబోతే "మామ" అని వచ్చేది. బద్ధకమనుకుని ఏడాదంతా మందలించాను. ఒకరోజు టార్చి వేసి చూస్తే కొండనాలుక రెండుగా చీలి ఉంది. పైకి కనిపించని అంగిలి చీలికకు అది గుర్తు కావచ్చని డాక్టరు చెప్పారు. ఆ మందలింపులు ఇప్పటికీ నన్ను బాధిస్తాయి.

బిడ్డను వెలుతురుకు ఎదురుగా కూర్చోబెట్టి చూడండి. నవ్వితే ముఖం రెండు వైపులా సమానంగా కదులుతోందా? పెదవులు పూర్తిగా మూసుకుంటున్నాయా? నాలుక కొన పైపళ్ల వెనుక తాకుతోందా? "ఆ" అన్నప్పుడు మెత్తని అంగిలి పైకి లేస్తోందా? "పాప, పాప" అంటుండగా ముక్కు కింద చిన్న అద్దం పెట్టండి. ఆవిరి పడితే గాలి ముక్కులోంచి పోతోందన్నమాట.

ఇది అనుమానం తెలుసుకోవడానికే. నిర్ధారించాల్సింది డాక్టరు, స్పీచ్ థెరపిస్టు. వినికిడి పరీక్ష కూడా తప్పనిసరి. ఆపరేషన్ జరిగినా మాట దానంతట అదే సరిపడదు. చాలామందికి నెలల తరబడి శిక్షణ కావాలి. దాతలారా, ఆపరేషన్ ఖర్చుతోపాటు ఆ శిక్షణకూ, రానుపోను చార్జీలకూ మీ సదఖా అందాలి.