ఈ వారం టెక్ వార్తల్లో మీ ఉద్యోగానికి తగిలేవి

అక్టోబరు 14, 2025, మంగళవారం. ఒకే రోజు రెండు కబుర్లు. ఢిల్లీలో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించింది. అదే రోజు మైక్రోసాఫ్ట్ విండోస్ 10 గడువు ముగిసింది. మొదటిది పత్రికల మొదటి పేజీలకెక్కింది. రెండోది చాలామంది కంట పడనేలేదు. కంప్యూటరు ముందు కూర్చుని సంపాదించుకునేవాళ్లు ఈ వారం ముందుగా పట్టించుకోవాల్సింది మాత్రం రెండోదాన్నే. అందుకే అక్కడ మొదలుపెడతాను, విశాఖ సంగతి చివర్లో చెబుతాను.

విండోస్ 10 వచ్చింది 2015 జులైలో. గడువు ముగిసిందంటే కంప్యూటరు ఆగిపోతుందని కాదు. రేపు పొద్దున కూడా ఎప్పటిలాగే ఆన్ అవుతుంది, టాలీ తెరుచుకుంటుంది, ప్రింటరు పనిచేస్తుంది. ఏమీ మారలేదనిపిస్తుంది కాబట్టే అసలు చిక్కు. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం, కొత్తగా బయటపడిన లోపాలను సరిచేసే ప్యాచ్‌లు విడుదల చేస్తుంది, విండోస్ 10కి ఇక అవి మామూలుగా రావు. విండోస్ 11కి వచ్చిన ప్యాచ్‌ను విప్పిచూసి, అదే లోపం విండోస్ 10లో ఉందేమోనని వెతికేవాళ్లు ఉంటారు. ఉంటే వాళ్లకు దారి దొరికినట్టే. మన వైపు తలుపు మూసేవాళ్లు ఇక లేరు. 2017 మే నెలలో వన్నాక్రై వైరస్ ప్రపంచాన్ని చుట్టేసినప్పుడు జరిగింది గుర్తుచేసుకోండి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. వేసుకోని కంప్యూటర్లు దొరికిపోయాయి. బ్రిటన్‌లో ఆసుపత్రులు అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకోవాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా ఆ దెబ్బ తిన్నాయి.

మీరు వాడేది కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే సొంతంగా ఏమీ ముట్టుకోకండి. ఐటీ విభాగానికి ఒక మెయిల్ పెట్టండి: నా కంప్యూటర్‌లో ఇంకా విండోస్ 10 ఉంది, ఎప్పుడు మారుస్తారు అని. నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగానే అడగండి. రేపు ఏదైనా ఫైలు పోతే, అడిగిన తేదీ మీ దగ్గర ఉంటుంది. సొంత ల్యాప్‌టాప్ మీద బయటి క్లయింట్లకు పనిచేసేవాళ్లు కాంట్రాక్టు కాగితం మరోసారి తీసి చూడండి. సపోర్టు ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ మీదే పని చేయాలన్న షరతు చాలా కాంట్రాక్టుల్లో ఉంటుంది. సంతకం పెట్టేటప్పుడు ఆ లైను మీద ఎవరి కళ్లూ ఆగవు.

సొంత కంప్యూటర్ అయితే ముందు అది విండోస్ 11కి పనికొస్తుందో లేదో చూసుకోవాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత యాప్ రెండు నిమిషాల్లో చెప్పేస్తుంది. ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్, ఏఎండీలో రైజన్ 2000 వరుస, లేదా వాటి తర్వాతివి అయితే చాలావరకు పనికొస్తాయి. నాలుగు జీబీ ర్యామ్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలి. టీపీఎం లేదని యాప్ చెప్పగానే నిరుత్సాహపడకండి. చిప్ ఉండి కూడా బయాస్ సెట్టింగుల్లో ఆఫ్‌లో ఉన్న యంత్రాలు ఎన్నో. తెలిసినవాళ్లకు ఒకసారి చూపించండి. పనికొస్తుందంటే అప్‌గ్రేడ్ ఉచితం, దానికి ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు.

పనికిరాదని తేలితే కంగారుపడి కొత్తది కొనొద్దు. గడువు తీరాక ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు తీసుకునే వీలుంది. ఈ పథకం పేరు ఈఎస్‌యూ. 2026 అక్టోబరు 13 వరకు నడుస్తుంది. చేరడానికి మూడు దారులు: 30 డాలర్లు కట్టడం, మైక్రోసాఫ్ట్ రివార్డ్స్‌లో వెయ్యి పాయింట్లు ఖర్చు చేయడం, లేదా మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయ్యి విండోస్ బ్యాకప్ ద్వారా మీ సెట్టింగులు సింక్ చేయడం. మూడోదానికి రూపాయి ఖర్చు లేదు. మన ఇళ్లలో, చిన్న దుకాణాల్లో ఎక్కువమందికి సరిపోయేది అదే. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే చేరే లింకు అక్కడే కనిపిస్తుంది. కనిపించకపోతే మీ విండోస్ 10 వెర్షన్ 22హెచ్2 అవునో కాదో చూడండి, పాత వెర్షన్ అయితే ముందు దానికి మారాలి. మీరు తర్వాత చేరినా నష్టం లేదు, ఆ మధ్యలో వచ్చిన ప్యాచ్‌లన్నీ అందుతాయి. చేరేదాకా మాత్రం యంత్రానికి రక్షణ ఉండదు, కాబట్టి ఈ ఆదివారమే కానిచ్చేయండి.

ఇక్కడ డీటీపీ సెంటర్లు, మీసేవ కేంద్రాలు నడిపేవాళ్లకూ, ట్యాక్స్ కన్సల్టెంట్లకూ ఒక మాట గట్టిగా చెప్పాలి. పొద్దున్నే విండోస్ 11 వేసి మధ్యాహ్నానికి పెళ్లి కార్డు ప్రింటు తీయాలనుకోకండి. అను స్క్రిప్ట్ మేనేజర్, పేజ్‌మేకర్ కలిపి తెలుగు కంపోజింగ్ చేసేవాళ్లు ఇంకా ఎందరో ఉన్నారు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ వచ్చింది 2001లో. వేలిముద్ర స్కానర్లకు, డిజిటల్ సంతకం టోకెన్లకు వేర్వేరు డ్రైవర్లు కావాలి. మీరు వాడే ప్రతి సాఫ్ట్‌వేర్, ప్రతి పరికరం విండోస్ 11 మీద నడుస్తుందో లేదో దాన్ని అమ్మినవాళ్లనే అడిగి రూఢి చేసుకోండి. పని తక్కువగా ఉండే రోజు చూసుకుని, ఫైళ్లన్నీ వేరే హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, ఆ తర్వాతే మార్చండి. రెండు కంప్యూటర్లు ఉంటే ముందు ఒకటి మార్చి వారం రోజులు నడిపి చూడండి. ఏదో ఒక పాత సాఫ్ట్‌వేర్ కోసం విండోస్ 10 ఉంచక తప్పదంటే, ఆ యంత్రానికి ఇంటర్నెట్ తీసేసి దాన్ని కంపోజింగ్‌కే కేటాయించండి. మెయిలూ బ్యాంకు పనులూ ఇంకోదాని మీద చేసుకోండి.

మరమ్మతు షాపుల్లో వినిపించే మాటలు రెండున్నాయి. ‘సార్, పాత దాంట్లో కూడా విండోస్ 11 ఎక్కిస్తాను’ అనేది ఒకటి. ఎక్కించగలరు, అది నిజమే. అర్హత లేని యంత్రంలో అలా ఎక్కిస్తే అప్‌డేట్లు వస్తాయన్న హామీ మాత్రం లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. మీరు మార్చేదే అప్‌డేట్ల కోసం కదా. ఇక రెండోది, యాక్టివేషన్‌కు క్రాక్ వేస్తామనడం. అలాంటి క్రాక్ నడవాలంటే యాంటీవైరస్‌ను కాసేపు ఆపమంటారు. ఆ కాసేపట్లో ఇంకేం లోపలికి వచ్చిందో మీకు తెలియదు. జీఎస్టీ రిటర్నులూ క్లయింట్ల పాన్ వివరాలూ ఉన్న కంప్యూటర్‌లో ఆ పని చేయనివ్వకండి. ఇంట్లో బ్రౌజింగుకూ పిల్లల చదువుకూ మాత్రమే వాడే పాత యంత్రమైతే విండోస్‌కు బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయించుకోవచ్చు. అది ఉచితం, లిబ్రే ఆఫీసులో తెలుగు యూనికోడ్ కూడా చక్కగా వస్తుంది.

అదే మంగళవారం ఆఫీస్ 2016, ఆఫీస్ 2019 ల గడువు కూడా తీరిందని గమనించినవాళ్లు తక్కువ. బయటినుంచి వచ్చే వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు రోజూ తెరిచేవాళ్లు దీన్ని విండోస్ కంటే చిన్న విషయంగా తీసుకోకూడదు. రెజ్యూమేలు తెరిచే హెచ్ఆర్ వాళ్లూ, బిల్లులు తెరిచే అకౌంట్స్ వాళ్లూ మరీ ముఖ్యంగా.

సోమవారం దీపావళి. కొత్త ల్యాప్‌టాప్ కొనే ఆలోచన ఉంటే ‘జీఎస్టీ తగ్గింది’ అన్న బోర్డు చూసి కొనకండి. సెప్టెంబరు 22 నుంచి పెద్ద టీవీల మీదా ఏసీల మీదా పన్ను 28 నుంచి 18 శాతానికి దిగిన మాట నిజం. ల్యాప్‌టాప్‌లూ ఫోన్లూ మాత్రం ముందూ 18 శాతమే, ఇప్పుడూ 18 శాతమే. తగ్గింపు ఉంటే అది దుకాణం ఇచ్చేదే, దాన్ని పోయిన నెల ధరతో పోల్చుకోండి. ఆఫీసు పనికి పదహారు జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ చూసుకుంటే నాలుగైదేళ్లు నిశ్చింతగా ఉండొచ్చు. బుధవారం ఆపిల్ ఎం5 చిప్‌తో తెచ్చిన మ్యాక్‌బుక్ ప్రో ధర 2025 అక్టోబరులో మన దగ్గర రూ.1,69,900 నుంచి మొదలైంది. వీడియో ఎడిటింగ్ మీదే బతికేవాళ్లకు అది పనిముట్టు. మిగతావాళ్ల జీతంలో దాని ఈఎంఐకి చోటు అక్కర్లేదు.

అక్టోబరు 8 నుంచి యూపీఐలో పిన్‌కు బదులు ఫోన్‌లోని వేలిముద్రతోనో ముఖంతోనో చెల్లించే పద్ధతిని, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ప్రవేశపెట్టింది. ఇష్టమైతేనే పెట్టుకోవచ్చు, బలవంతం లేదు. డెలివరీ పని, ఆటో, మార్కెట్ బేరాలు చేసేవాళ్లకు చేయి ఖాళీ ఉండదు కాబట్టి ఇది నిజంగా ఉపకరిస్తుంది. నలుగురి మధ్యలో పిన్ కొట్టే బాధ కూడా తప్పుతుంది. ఆన్ చేసేముందు ఒక పని చేయండి. ఫోన్ లాక్ సెట్టింగులు తెరిచి అక్కడ ఎవరెవరి వేళ్లు నమోదయ్యాయో చూడండి. ఆటలాడుకోవడానికి పిల్లవాడి వేలు, ఎప్పుడో అవసరానికి తోటి ఉద్యోగి వేలు పెట్టి ఉంటే తీసేయండి. ఫోన్ లాక్ నంబరు కూడా ఇక ఎవరికీ చెప్పొద్దు. మోసపోయామని అనుమానం వస్తే ఆలోచిస్తూ కూర్చోకుండా 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటలో చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం ఎక్కువ.

గురువారం మైక్రోసాఫ్ట్ ఇంకో ప్రకటన చేసింది. విండోస్ 11 కంప్యూటర్లను ‘హే కోపైలట్’ అని పిలిచి మాటలతో పని చెప్పొచ్చట, తెర మీద ఉన్నది చూపించి సలహా అడగొచ్చట. మెయిల్ చిత్తుప్రతికి, ఎక్సెల్ ఫార్ములాకు వాడుకోండి. తెర చూపించేటప్పుడు మాత్రం దాని మీద జీతాల పట్టికో కస్టమర్ల ఫోన్ నంబర్లో ఉన్నాయేమో చూసుకోండి. కంపెనీ అనుమతి లేకుండా అవి బయటి సర్వీసుకు చేరితే జవాబు చెప్పాల్సింది మీరే.

ఇప్పుడు విశాఖ. గూగుల్ పెట్టేది గిగావాట్ స్థాయి డేటా సెంటర్. అదానీ కనెక్స్, ఎయిర్‌టెల్ భాగస్వాములు. సముద్రం అడుగు నుంచి వచ్చే కేబుళ్లు కూడా అక్కడే ఒడ్డెక్కుతాయి. తర్లువాడ, అడవివరం, రాంబిల్లి పేర్లు స్థలాలుగా వినిపిస్తున్నాయి. ఇది మన ప్రాంతానికి పెద్ద వార్త, సంతోషించాల్సిన వార్త. అయితే డేటా సెంటర్ అంటే వేలమంది కూర్చుని కోడ్ రాసే హైటెక్ సిటీ భవనం కాదు. కట్టేటప్పుడు మనుషులు ఎక్కువమంది కావాలి. కట్టాక తక్కువమందితో ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది. లోపల ఉండేవాళ్లలో ఎక్కువమంది పని కరెంటు, చల్లదనం, కేబుళ్లు, భద్రత.

కాబట్టి బీటెక్ కంప్యూటర్ సైన్స్ చదివి దీనికోసమే ఎదురుచూస్తూ కూర్చోవడం సరికాదు. ఎలక్ట్రికల్ డిప్లొమా, ఐటీఐలో ఎలక్ట్రీషియన్, రిఫ్రిజిరేషన్-ఏసీ ట్రేడులు చదివినవాళ్లకు దారి నిజంగా తెరుచుకుంటుంది. హైటెన్షన్ సబ్‌స్టేషన్, యూపీఎస్, డీజిల్ జనరేటర్, చిల్లర్ ప్లాంటు, ఫైబర్ స్ప్లైసింగ్, వీటిలో ఏదో ఒకదాని మీద రెండు మూడేళ్లు చేత్తో పనిచేసిన అనుభవం సంపాదించుకోండి. దానికోసం విశాఖలో పునాదులు పడేదాకా ఆగక్కర్లేదు. హైదరాబాద్‌లో డేటా సెంటర్లు ఇప్పటికే నడుస్తున్నాయి. పెద్ద ఆసుపత్రులు, మందుల ఫ్యాక్టరీల్లోనూ ఇవే యంత్రాలు ఉంటాయి. షిఫ్టు లాగ్ రాయడం, కొలతలు ఇంగ్లిషులో నమోదు చేయడం అలవాటు చేసుకుంటే ఇంటర్వ్యూలో తేడా కనిపిస్తుంది.

ఇలాంటి ప్రకటన వచ్చిన వెంటనే ఉద్యోగం ఇప్పిస్తామంటూ డబ్బు అడిగే ఫోన్లు మొదలవుతాయి. రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డిపాజిట్, శిక్షణ రుసుము, పేరు ఏదైనా సరే, ఆఫర్ లెటర్ కోసం డబ్బు అడిగితే ఆ మాట అక్కడితో ఆపేయండి. ఆ డబ్బుతో వైర్‌మన్ పర్మిట్‌కో సూపర్‌వైజర్ సర్టిఫికెట్‌కో దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ రెండూ ఇచ్చేది ప్రభుత్వ ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు. విశాఖలో కాకపోయినా, కరెంటు పని ఉన్న ఇతర చోట్ల అవి పనికొస్తాయి.