ఇద్దరు యజమానుల కొలువు: కెనడా ఐటీ కన్సల్టింగు గురించి ఒక లేఖ



కెనడాలో చదువు ముగించి ఐటీ కన్సల్టింగు సంస్థలో తొలి ఉద్యోగానికి సిద్ధపడుతున్నవారికి జీతం ఎంత, ఊరు ఏది అన్న వివరాలు చెప్పేవారు చాలామంది దొరుకుతారు గాని, ఆ కొలువు స్వభావం ఎటువంటిదో విడమరిచి చెప్పేవారు తక్కువ. ఈ లేఖ ఆ స్వభావాన్ని గురించినది. కన్సల్టింగు సంస్థకు ప్రధాన ఆదాయం సొంత సాఫ్ట్‌వేరు అమ్మకం నుంచి రాదు. ఇతరుల వ్యవస్థలను కట్టడానికో, పాతవాటిని మార్చడానికో, ఉన్నవాటిని నడపడానికో కావలసిన మనుషులను, వారి కాలాన్ని, వారి అనుభవాన్ని ఒప్పందం మీద సమకూర్చడం నుంచి వస్తుంది. టొరంటో బే స్ట్రీట్‌లోని బ్యాంకులు, బీమా కంపెనీలు, ఒట్టావాలోని ఫెడరల్ ప్రభుత్వ శాఖలు, కాల్గరీలోని చమురు కంపెనీలు ఈ సేవలను కొనేవారిలో ముఖ్యులు. అమ్మేవారిలో 1976లో క్యుబెక్ నగరంలో సెర్జ్ గొడాన్ స్థాపించగా ఇప్పుడు మాంట్రియల్ కేంద్రంగా అనేక దేశాలకు విస్తరించిన సీజీఐ ఉన్నది, ఐబీఎం, యాక్సెంచర్, డెలాయిట్ ఉన్నాయి, టీసీఎస్, ఇన్ఫోసిస్ వంటి భారతీయ సంస్థల కెనడా శాఖలు ఉన్నాయి. వీటన్నిటికీ దిగువన, పదిమంది కూడా లేని మధ్యవర్తి కంపెనీలు ఎన్నో ఉన్నాయి.

ఈ ఉద్యోగంలో జీతమిచ్చే సంస్థ ఒకటి, పని చెప్పే సంస్థ మరొకటి. జీతమిచ్చేది కన్సల్టింగు కంపెనీ. పని జరిగేది క్లయింటు దగ్గర, అంటే సేవను కొన్న బ్యాంకులోనో ప్రభుత్వ శాఖలోనో. క్లయింటు నుంచి గంటకో రోజుకో కంపెనీ వసూలు చేసే మొత్తాన్ని బిల్లింగు రేటు అంటారు. అందులో నుంచి ఉద్యోగి జీతం, సెలవులు, కార్యాలయ ఖర్చులు పోగా మిగిలేదే కంపెనీ లాభం. ఉద్యోగి గంటలలో ఎన్నిటికి క్లయింటు డబ్బు చెల్లించాడో చూపే నిష్పత్తిని యుటిలైజేషను అంటారు. ప్రాజెక్టు లేక ఖాళీగా ఉండే కాలాన్ని ‘బెంచి’ అనడం హైదరాబాదులోనూ మిస్సిసాగాలోనూ అలవాటే. వారం చివర నింపే టైమ్‌షీటు కొత్తవారికి విసుగు పుట్టించే కాగితంలా కనిపించవచ్చు గాని, ఆ సంస్థ ఆదాయమంతా దాని మీదనే నిలబడి ఉంటుంది. చేయని గంటను చేసినట్లు రాయడం ఎంత తప్పో, చేసిన గంటను మేనేజరు మెప్పు కోసం దాచిపెట్టడమూ అంత తప్పే, ఎందుకంటే దాచిన గంటల వల్ల తర్వాతి ప్రాజెక్టు అంచనా కూడా అబద్ధమవుతుంది.

క్లయింటుకూ కంపెనీకీ మధ్య జరిగిన ఒప్పందంలో ఏ పని, ఎప్పటిలోగా, ఎంత మొత్తానికి అన్నది చెప్పే భాగాన్ని స్టేట్‌మెంట్ ఆఫ్ వర్క్ అంటారు. పని మొదలయ్యాక క్లయింటు కొత్తగా ఏదైనా కోరితే, దాని ఖర్చునూ గడువునూ వేరుగా లెక్కగట్టి ఇరుపక్షాలూ సంతకం చేసే పత్రం చేంజ్ రిక్వెస్ట్. ఈ రెండు పత్రాలనూ చదవడం మేనేజర్ల పని అని చాలామంది యువ ఇంజనీర్లు అనుకుంటారు. చదవనివారికి తాము రాస్తున్న ప్రోగ్రాము ఎవరి కోసమో, అందులో ఏ భాగాన్ని ఎవరు ఎందుకు తీసివేయించారో ఎన్నటికీ తెలియదు. అలా తీసివేయించిన భాగాలు ఒక దేశాన్నే కుదిపిన ఉదంతం కెనడాలోనే ఉన్నది.

దాని పేరు ఫీనిక్స్. కెనడా ఫెడరల్ ప్రభుత్వం తన ఉద్యోగుల జీతాల లెక్కకు నలభై ఏళ్ళనాటి వ్యవస్థను పక్కనపెట్టి, పీపుల్‌సాఫ్ట్ అనే సిద్ధ సాఫ్ట్‌వేరు ఆధారంగా కొత్తది కట్టించాలని సంకల్పించి, 2011లో ఐబీఎంతో ఒప్పందం చేసుకున్నది. అదే సమయంలో వివిధ శాఖలలో ఉన్న సుమారు 1,200 మంది జీతాల సలహాదారుల పోస్టులను తొలగించి, న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలోని మిరామిషి పట్టణంలో సుమారు 550 మందితో ఒకే కేంద్రం నెలకొల్పింది. ఈ రెండు మార్పుల వల్ల ఏటా 7 కోట్ల డాలర్లు మిగులుతాయని అంచనా. ప్రభుత్వోద్యోగుల జీతాలను నిర్ణయించే నియమాలు 80,000కు పైగా ఉన్నాయి: షిఫ్టు భత్యాలు, తాత్కాలికంగా పై హోదాలో పనిచేసినవారి వేతనాలు, వెనుకటి తేదీ నుంచి అమలయ్యే పెంపులు, ప్రసూతి సెలవులు, ఇలా ఒక్కొక్క కార్మిక ఒప్పందానికీ ఒక్కొక్క తీరు. ఏ నియమం ఎక్కడ మెలిక పెడుతుందో ఆ సలహాదారులకు ఏళ్ళ తరబడి చేసిన పని వల్ల తెలుసు. ఆ తెలివిడి ఏ డాక్యుమెంటులోనూ పూర్తిగా లేదు.

2012 వసంతంలో, వ్యవస్థ నిర్మాణానికీ అమలుకూ 27.4 కోట్ల డాలర్లు అవుతాయని ఐబీఎం చెప్పింది. ప్రభుత్వం ఆమోదించిన బడ్జెటు 15.5 కోట్లు. కన్సల్టింగు వృత్తిలో ప్రవేశించేవారు శ్రద్ధగా చూడవలసిన ఘట్టం ఇదే. బడ్జెటు పెంచమని పైవారిని అడగడానికి బదులు, ప్రాజెక్టు అధికారులు పనిని తగ్గించే దారి పట్టారు: జీతాల లెక్కకు సంబంధించిన కొన్ని ఫంక్షన్లను తీసివేశారు, కొన్నిటిని వాయిదా వేశారు, పరీక్షలను కుదించారు, ముందుగా ఒక శాఖలో నడిపి చూడాలనుకున్న పైలట్ ప్రయోగాన్ని రద్దు చేశారు. అమలుకు కొద్ది వారాల ముందు గార్ట్‌నర్ అనే సలహా సంస్థ నివేదిక ప్రమాదాలను ఎత్తిచూపినా ప్రయాణం ఆగలేదు. 2016 ఫిబ్రవరిలో 34 శాఖలు, ఏప్రిల్‌లో మరో 67 శాఖలు కొత్త వ్యవస్థలోకి మారాయి. మొత్తం సుమారు 2,90,000 మంది ఉద్యోగులు. కొందరికి జీతం తక్కువ పడింది, కొందరికి అసలు పడలేదు, కొందరికి ఎక్కువ పడి తర్వాత తిరిగి కట్టవలసి వచ్చింది. 2017 జూన్ నాటికి సరిదిద్దవలసిన జీతాల పొరపాట్ల విలువ 52 కోట్ల డాలర్లు దాటింది. 2018 మేలో ఆడిటర్ జనరల్ మైకేల్ ఫెర్గూసన్ పార్లమెంటుకు సమర్పించిన నివేదిక దీనిని ప్రాజెక్టు నిర్వహణలోనూ పర్యవేక్షణలోనూ అర్థం చేసుకోజాలని వైఫల్యంగా నిర్ధారించింది.

ఆ నివేదిక ప్రధానమైన తప్పును ప్రభుత్వ శాఖ అధికారుల మీదనే మోపింది. వారు ఖర్చునూ గడువునూ చూసుకున్నంతగా వ్యవస్థ పనిచేస్తుందా లేదా అన్నది చూసుకోలేదన్నది దాని సారం. అంతమాత్రాన కన్సల్టెంట్లకు ఇందులో నేర్చుకోవలసింది ఏమీ లేదనుకోకూడదు. కోరిన పనిని కోరినట్లు చేసి, ఒప్పందం ప్రకారం బిల్లు పంపి, ఒక్క షరతునూ ఉల్లంఘించకుండానే ఒక వ్యవస్థను జనం మీదికి వదలడం సాధ్యమేనని ఈ ఉదంతం చూపుతున్నది. ఒక ఫంక్షనును తొలగించమన్నప్పుడు దానివల్ల ఎవరి జీతం ఆగుతుందో లెక్కగట్టి, ఆ లెక్కను క్లయింటు బృందంలో నిర్ణయాధికారం ఉన్నవారికి చేరేలా కాగితం మీద పెట్టడం కన్సల్టెంటు విధి. సమావేశంలో నోటిమాటగా అన్నది గాలిలో కలిసిపోతుంది. రిస్క్ రిజిస్టరులో, అంటే ప్రాజెక్టుకు ఎదురుకాగల ప్రమాదాలను నమోదు చేసే పట్టికలో, తేదీతో సహా రాసినది నిలుస్తుంది. ఇలా రాయడాన్ని తొలి ఏడాది ఉద్యోగి సైతం తన పై అధికారి ద్వారా చేయవచ్చు, చేయాలి. క్లయింటుకు నచ్చని మాట చెబితే కాంట్రాక్టు పోతుందన్న భయం ఈ వృత్తిలో ఎప్పుడూ ఉంటుంది. అయినా క్లయింటు డబ్బిచ్చి కొన్న అనుభవం నిజంగా పనికివచ్చేది అటువంటి మాట చెప్పే చోటనే.

మధ్యవర్తి కంపెనీల సంగతి వేరే చెప్పాలి. కరోనా కాలంలో సరిహద్దు ప్రయాణికుల కోసం 2020లో వచ్చిన అరైవ్‌క్యాన్ యాప్ మీద ఆడిటర్ జనరల్ కేరెన్ హోగన్ 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదిక, దాని ఖర్చు సుమారు 5.95 కోట్ల డాలర్లని అంచనా వేస్తూనే, రికార్డులు సరిగా లేనందున కచ్చితమైన మొత్తం తేల్చలేమన్నది. బయటివారికి రోజుకు సగటున 1,090 డాలర్లు చెల్లించగా, అదే పనికి ప్రభుత్వోద్యోగి అయితే రోజుకు 675 డాలర్లయ్యేదని కూడా చెప్పింది. ఇలా బయటివారి మీద ఆధారపడే పనిలో, ఒప్పందం పొందినవారు ఒకరు, పని చేసినవారు వేరొకరు అయినప్పుడు, మధ్యలో ఎవరు ఎంత తీసుకుంటున్నారో క్లయింటుకూ తెలియదు, పనిచేసేవారికీ తెలియదు. మధ్యలో పొరలు ఎక్కువైనకొద్దీ రేటు పెరుగుతుంది గాని పనివాడి జీతం పెరగదు, జవాబుదారీ అంతకన్నా పెరగదు. కాబట్టి ఏ ప్రాజెక్టులోనైనా చేరేముందు క్లయింటుకూ తనకూ మధ్య ఎన్ని కంపెనీలు ఉన్నాయో అడిగి తెలుసుకోవడం అమర్యాద కాదు.

తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటున్నది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ సంస్థలలో నేర్చుకున్న కోర్సుతో వేలాదిమంది సామాన్య కుటుంబాల పిల్లలు ప్రపంచమంతటా నిలదొక్కుకున్నారు. అది గర్వించదగిన విషయం. ఆ దారిలోనే రెజ్యూమేలో లేని అనుభవాన్ని కల్పించే దురలవాటు కూడా కొందరికి అంటుకున్నది. కెనడా ఫెడరల్ ప్రభుత్వం ఐటీ నిపుణులను తీసుకునే టీబిప్స్ అనే పద్ధతిలో 5 ఏళ్ళలోపు అనుభవం ఉన్నవారు ఒక స్థాయి, 5 నుంచి 10 ఏళ్ళవారు రెండవ స్థాయి, 10 ఏళ్ళు దాటినవారు మూడవ స్థాయి. స్థాయిని బట్టి రేటు పెరుగుతుంది కనుక, రెండేళ్ళను ఏడేళ్ళుగా రాయించాలనే ఒత్తిడి మధ్యవర్తి నుంచే రావచ్చు. ఒప్పుకోకూడదు. ప్రభుత్వ ప్రాజెక్టుకు అవసరమైన భద్రతా తనిఖీలో గత ఏళ్ళ వివరాలను పరిశీలిస్తారు. అదే కల్పన శాశ్వత నివాస దరఖాస్తులోకి ఎక్కితే, వలస చట్టం తప్పుడు సమాచారానికి 5 ఏళ్ళ నిషేధాన్ని విధిస్తుంది. శిక్ష సంగతి అలా ఉంచినా, ఏడేళ్ళ అనుభవజ్ఞుడని నమ్మి ఒక ఆసుపత్రో బ్యాంకో అప్పగించిన పనిని రెండేళ్ళవాడు రాత్రిళ్ళు హైదరాబాదుకు ఫోన్ చేసి మరొకరితో చేయించుకోవడం ఆ క్లయింటుకు జరిగే మోసమే కాక, నిజంగా అనుభవం ఉన్న ప్రతి తెలుగు ఇంజనీరు మాటకూ విలువ తగ్గించే పని.

ఉద్యోగ స్థితి విషయంలో కొంత చట్టజ్ఞానం అవసరం. కన్సల్టెంట్లలో కొందరు జీతగాళ్ళు, కొందరు సొంత కార్పొరేషను పెట్టుకుని ఇన్‌వాయిస్ పంపేవారు. రెండవ పద్ధతిలో చేతికి వచ్చే మొత్తం పెద్దదిగా కనిపిస్తుంది గాని, ఉపాధి బీమా, జీతంతో కూడిన సెలవు ఉండవు, పెన్షను చందాలో యజమాని భాగాన్నీ తామే కట్టుకోవాలి. పేరుకు కార్పొరేషను ఉన్నా, వాస్తవంలో ఒకే క్లయింటు అదుపులో ఉద్యోగిలాగే పనిచేస్తుంటే, పన్ను శాఖ దానిని పర్సనల్ సర్వీసెస్ బిజినెస్‌గా పరిగణించి చిన్న వ్యాపారాలకిచ్చే పన్ను తగ్గింపును నిరాకరిస్తుంది. ఎవరు ఉద్యోగి, ఎవరు స్వతంత్ర వ్యాపారి అనే ప్రశ్నకు 2001లో కెనడా సుప్రీం కోర్టు సగాజ్ కేసులో చెప్పిన గీటురాయి ఇది: ఆ వ్యక్తి తన సొంత వ్యాపారంగా ఆ సేవ చేస్తున్నాడా అన్నది ప్రధానం, పని మీద అదుపు ఎవరిది, పరికరాలు ఎవరివి, లాభనష్టాల అవకాశం ఎవరిది అన్నవి దానికి ఆధారాలు.

ఒంటారియోలో ఐటీ నిపుణులకు ఓవర్‌టైము చెల్లింపు, పనిగంటల పరిమితి నియమాలు వర్తించవన్నది చాలామందిని ఆశ్చర్యపరిచే సంగతి. అందువల్ల ఒప్పందంలో వారానికి ఎన్ని గంటలన్నది రాయించుకోవడం ముఖ్యం. మరోవైపు, ఉద్యోగం మానాక పోటీ సంస్థలో చేరకూడదనే షరతును అదే రాష్ట్రం 2021 అక్టోబరు 25 నుంచి, ఉన్నతాధికారుల వంటి కొన్ని మినహాయింపులతో, నిషేధించింది. వర్క్ పర్మిట్ ఒకే యజమానికి కట్టుబడి ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి: ఎల్‌ఎంఐఏ (విదేశీయుణ్ణి తీసుకోవడానికి యజమాని పొందవలసిన అనుమతి) రుసుము 1,000 డాలర్లను ఉద్యోగి నుంచి రాబట్టడం చట్టవిరుద్ధం, పాస్‌పోర్టును తన దగ్గర ఉంచుకునే హక్కు ఏ యజమానికీ లేదు. వేధింపు జరిగితే ఆ యజమాని నుంచి బయటపడేందుకు ఓపెన్ వర్క్ పర్మిట్ కోరే అవకాశం 2019 నుంచి ఉన్నది.

తొలి ప్రాజెక్టులో మొదటి నెల ఎలా గడపాలన్నది మిగిలిన విషయం. ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టక ముందే, ఆ వ్యవస్థను రోజూ వాడే గుమాస్తాల దగ్గర, కాల్ సెంటర్ ఉద్యోగుల దగ్గర కూర్చుని వారి పనిని చూడటానికి క్లయింటు అనుమతి అడగాలి. పాత వ్యవస్థలో వారు ఎక్కడెక్కడ చేత్తో సర్దుబాట్లు చేస్తున్నారో నోటు పుస్తకంలో రాసుకోవాలి, ఎందుకంటే రిక్వైర్‌మెంట్ల పత్రంలో లేని నియమాలు అక్కడే బయటపడతాయి. సందేహం వచ్చినప్పుడు సాంకేతిక ప్రశ్న అయితే తన కంపెనీ పెద్దలను, వ్యాపార నియమం అయితే క్లయింటు మనిషిని, గడువు, ఖర్చుల ప్రశ్న అయితే ప్రాజెక్టు మేనేజరును అడగాలి. ఈ మూడింటినీ కలగలిపి ఎవరిని పడితే వారిని అడగడం వల్ల ఇద్దరు యజమానుల మధ్య అపార్థాలు పుడతాయి. ప్రాజెక్టు ముగిసి వేరే చోటికి వెళ్ళేనాడు, తర్వాత వచ్చేవారికి చదివితే అర్థమయ్యేలా అప్పగింత పత్రం రాసి, అందులో పూర్తికాని పనులనూ తెలిసిన లోపాలనూ దాచకుండా పేర్కొని, దాని ప్రతిని క్లయింటు చేత అందినట్లు రాయించుకుని మరీ బయలుదేరాలి.

శుభాకాంక్షలతో,
పెదనాన్న