మండువా ఇంటి గుమ్మాలు

పెద్దాపురం

చి. బుజ్జికి,

మన ఊరి మండువా లోగిలికి నమూనా కట్టి తెమ్మన్నారట కదా మీ కాలేజీలో. గోడలు బాగానే వస్తున్నాయి గానీ తలుపులూ కిటికీలూ కోసేసరికి మూలలు చిరిగిపోతున్నాయని మీ అమ్మ చెప్పింది. ఇలాంటివి ఫోనులో చెబితే సగం గాలికి పోతాయి. అందుకే రాస్తున్నాను.

నిజం ఇంట్లో గోడ కట్టేశాక తలుపు కోసం ఎవరూ కన్నం వెయ్యరు. ఆ పని దొంగలది. ముహూర్తం చూసి ద్వారబంధం నిలబెట్టి, పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కడతారు. ఆ తర్వాతే దాని చుట్టూ గోడ లేస్తుంది. నువ్వూ అదే వరస పట్టు. ముందు సన్నటి చెక్క పేళ్ళతో చట్రాలన్నీ చేసుకో. చట్రాన్ని గోడ అట్ట మీద పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసి, ఆ గీతకి కొయ్యి. ముందు రంధ్రం కోసి తర్వాత చట్రం ఇరికిద్దామంటే ఒక్కో కిటికీకి ఒక్కో కొలత తేలుతుంది.

మీ నమూనా కొలత 1:50 అన్నావట. అంటే ఆరడుగుల గుమ్మం ముప్ఫయ్యారున్నర మిల్లీమీటర్లు. ఏడడుగుల తలుపు లెక్క వేసుకుని అన్నీ నలభై రెండున్నర పెట్టకు. పాత లోగిళ్ళలో లోపలి గుమ్మాలు చాలావరకు తల వంచి దాటేవే. కోరంగి, కాకినాడ రేవుల నుంచి రంగూన్‌కి ఓడలు నడిచిన రోజుల్లో బర్మా టేకు దండిగా దిగినా, ఆ వైభవమంతా వీధి గుమ్మానికే పెట్టేవారు.

ఇక గోడ మందం. అడుగున్నర గోడ నీ కొలతలో తొమ్మిది మిల్లీమీటర్ల పైచిలుకు. ఐదు మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డులు రెండు అతికిస్తే సరి, మిగిలే తేడా కంటికి ఆనదు. అయితే కోశాకే అతికించు. రెండూ విడిగా ఉంటే లోపలి పలకకి రంధ్రం ఒక మిల్లీమీటరు పెద్దగా కోసి చట్రాన్ని అక్కడ కూర్చోబెట్టొచ్చు. దీపం గూళ్ళు కూడా అలాగే, లోపలి పలక మాత్రం కోస్తే గూడు తయారు. ఒకే మందపాటి పలకలో గూడు తొలవాలంటే ఎంత చెయ్యి తిరిగినవాడికైనా కష్టమే. అతకడానికి ఫెవికాల్ చాలు. ఫెవిక్విక్ లాంటివి లోపలి ఫోమ్‌ని తినేస్తాయి.

మూలలు చిరుగుతున్నాయంటే బ్లేడు మొద్దుబారిందన్నమాట. అది ఫోమ్‌ని కొయ్యదు, లాగుతుంది. మొన విరిచెయ్యి, బ్లేడు దగ్గర పిసినారితనం వద్దు. నాలుగు మూలల్లో సూది నిటారుగా గుచ్చి, అవతలి వైపు తేలిందో లేదో చూసుకో. తర్వాత స్టీలు స్కేలు ఆనించి, బ్లేడుని మూల మీద దింపి మధ్య దాకా లాగి ఆపు. అట్ట తిప్పి, ఎదుటి మూల నుంచి మళ్ళీ మధ్యకి రా. మూల వైపు లాగితే చెయ్యి ఆగక గీత దాటుతుంది. మొదటిసారి పైకాగితం తెగితే చాలు, రెండోసారి ఫోమ్, మూడోసారి అడుగు కాగితం. ఒక్క దెబ్బకి తెగాలని బలం పెడితే బ్లేడు పక్కకి వాలి, అవతల రంధ్రం వంకరపోతుంది. ఇదంతా గోడని పెద్ద షీటులోంచి విడదియ్యక ముందే చెయ్యి, చుట్టూ అట్ట ఉంటే అది వణకదు. చిన్న కిటికీలు ముందు, గుమ్మాలు ఆఖర్న.

గుమ్మం కోసేటప్పుడు మీవాళ్ళంతా నేల దాకా కోసేస్తారు. గోడ రెండు కాళ్ళ మీద నిలబడి, పట్టుకోగానే విరుగుతుంది. మన ఇళ్ళకి గడప ఉంది కదే! నాలుగంగుళాల గడప నీకు రెండు మిల్లీమీటర్లు. ఇప్పటికి సెంటీమీటరు అట్ట వదిలెయ్యి. గోడ పీఠానికి అతుక్కున్నాక గడప మేరకు ఉంచి పైది చెక్కు.

మండువా ఇంట్లో వీధి గుమ్మంలో నిలబడితే చాలా చోట్ల పెరటి గుమ్మం దాకా చూపు పోతుంది. అది తప్పిందో, ఎంత నున్నగా కోసినా అది మన ఇల్లు కాదు. అందుకని గుమ్మాలున్న గోడలన్నిటికీ ఒకే నడిగీత గియ్యి. అతికించే ముందు వరసగా నిలబెట్టి, ఒక కన్ను మూసి చూడు.

లేజరు మిషను మీద కోయించుకుంటానంటే కాదనను, కానీ ఫోమ్ అంచులు కరుగుతాయి. పైగా ఏ గుమ్మం ఎందుకు పొట్టిదో మిషను నీకు చెప్పదు.

మన వెనక వీధిలో మరో లోగిలి పడగొడతారంటున్నారు. దసరా సెలవులకి వచ్చేటప్పుడు టేపు తెచ్చుకో. పడగొట్టేలోగా ఆ ద్వారబంధాలన్నీ కొలిచి రాసుకోవాలి.

ఇట్లు
మీ పెదనాన్న